రైతు మనసు మార్చాలా, కొనేవారి మనసు మార్చాలా?

మీ ప్రశ్నను ముందు నాకు అర్థమైనట్టుగా చెప్పుకుంటాను. ఇందుకూరుపేట వైపు మీ పెదనాన్నగారితో పాటు మరో పదిమంది రైతులు రసాయనాలు తగ్గించి వరి పండిస్తున్నారు. ఆ బియ్యాన్ని నెల్లూరులోనూ ఒంగోలులోనూ అపార్ట్‌మెంట్లలో అమ్మాలని మీ ఆలోచన. పర్యావరణానికి హాని చేయని ఆహారమైతే తప్పకుండా కొంటామని అడిగిన ఇళ్ళలో దాదాపు అందరూ చెప్పారు, తీరా బస్తాలు తెస్తే సగం మిగిలిపోయాయి. అటు రైతులు రెండో పంటకే వెనకాడుతున్నారు. ఇద్దరిలో ముందు ఎవరి వైఖరి మారాలని మీరు అడిగారు.

నేను ముప్పై ఏళ్ళు వ్యవసాయ విస్తరణ పనిలో, అంటే కొత్త సాగు పద్ధతులను రైతులకు చేరవేసే పనిలో, నెల్లూరు, ప్రకాశం జిల్లాలు రెండింటిలోనూ తిరిగాను. ఉద్యోగ విరమణ తరువాత కోవూరు ప్రాంతంలో మా నాలుగెకరాల్లో నేనే సాగు చేసుకుంటూ, పండిన బియ్యాన్ని తెలిసిన ఇళ్ళకు నేరుగా ఇస్తున్నాను. ఆ అనుభవంతో చెప్పగలిగేది ఏమిటంటే, లోపం ఇద్దరి మనసుల్లోనూ లేదు. రైతు ఈ దారికి వచ్చేది ఖర్చు తగ్గుతుందన్న ఆశతో, కొనేవారు వచ్చేది ఇంట్లోవారి ఆరోగ్యం కోసం. అచ్చంగా పర్యావరణం కోసమే వచ్చేవారు రెండు వైపులా బహు అరుదు. ఈ రెండు అవసరాలూ కలిసిన చోట నేలకూ నీటికీ మేలు దానంతటదే జరుగుతుంది. కలవని చోట ఆ మేలును ఎవరూ అడగరు, దానికి ఎవరూ ధర కట్టరు. ఈ రెండు చోట్లనూ విడివిడిగా చూడకపోవడం వల్లనే మీ బస్తాలు మిగిలాయని నా నమ్మకం.

రైతు సంగతి చూడండి. మన డెల్టాలో వరి రైతును పురుగు మందులు తగ్గించమంటే తొందరగానే ఒప్పుకుంటాడు, యూరియా తగ్గించమంటే మాత్రం ఒప్పుకోడు. దీన్ని మొండితనం అనుకోవద్దు. 45 కిలోల యూరియా బస్తా అతనికి 266 రూపాయల 50 పైసలకు వస్తుంది, అసలు ఖరీదులో మిగిలిన భారమంతా ప్రభుత్వ సబ్సిడీ మోస్తుంది. ఎకరానికి రెండు బస్తాలు మానుకున్నా అతని చేతిలో మిగిలేది ఐదు వందల చిల్లర మాత్రమే. ఆ కాస్త మిగులు కోసం పైరు పచ్చదనం తగ్గి, గట్టు మీద వెళ్ళేవారంతా 'ఏమయ్యా, పైరు ఎర్రబారిందే' అని అడిగే స్థితిని తెచ్చుకోమని మనం అతనికి చెబుతున్నాం. పురుగు మందుకు అలాంటి చవక లేదు. మందు ఖరీదూ కొట్టే కూలీ కలిపి ఒక్క పిచికారీకే యూరియా మీద మిగిలేదాని కంటే ఎక్కువ పోతుంది. కనుక మందు మానడం రైతుకు లాభం, కొనేవారికి నెమ్మది. అవసరాలు కలిసే చోటు అంటే ఇదే.

అయితే యూరియాకూ మందుకూ ఒక బంధం ఉంది, యూరియా ఎక్కువైన పైరుకే పురుగూ ఎక్కువ పడుతుంది. దాన్ని కంటితో చూస్తే తప్ప రైతు నమ్మడు. ఒక ఏడాది పైరు ఈనే దశలో మా పక్క చేనులో వరి రసం పీల్చే సుడిదోమ దిగింది. ఆ రైతును తీసుకుని ముందు మా మడిలోకి వెళ్ళాను. దుబ్బును కొంచెం వంచి మొదలు దగ్గర అరచేత్తో రెండు దెబ్బలు తడితే కింద నీళ్ళ మీద నాలుగైదు దోమలు రాలాయి. తరువాత ఆయన మడిలో దుబ్బు తడితే లెక్కపెట్టే అవసరం లేకపోయింది, నీటి మీద గోధుమ రంగు పొట్టు చల్లినట్టుగా తేలాయి. ఆ దశలో దుబ్బుకు 20 నుంచి 25 దోమలు దాటితేనే మందు అవసరమని మేము ఊరూరా చెప్పేవాళ్ళం. ఆయన అప్పటికే రెండుసార్లు కొట్టించి ఉన్నారు, అయినా మడి మధ్యలో పైరు సుడులు సుడులుగా ఎండిపోయింది. తేడా ఎక్కడుందో ఆయనే చెప్పారు. మూడో దఫా యూరియా ఆయన వేశారు, నేను వేయలేదు. నాటేటప్పుడు ప్రతి రెండు మీటర్లకు 20 సెంటీమీటర్ల వెడల్పున, పైరులోకి గాలీ వెలుతురూ వెళ్ళేలా నేను వదిలిన కాలిబాటలను అంతకు ముందు నేల వృథా అని వెక్కిరించినవారే, మరుసటి పంటలో తాళ్ళు కట్టించి మరీ బాటలు తీయించారు. నేను అంతకు ముందు పెట్టిన సమావేశాలన్నీ చేయలేని పనిని ఆ ఒక్క దుబ్బు చేసింది.

మీ రైతులు రెండో పంటకే ఎందుకు వెనకాడుతున్నారో తెలుసుకోవాలంటే, వారిలో కౌలుదారులు ఎంతమందో ముందు అడగండి. ఆవు పేడ, మూత్రంతో చేసే ఘనజీవామృతం వేసి, తొలకరికి ముందు నవధాన్యాలు చల్లి నేలలో కలియదున్ని, రెండు మూడు పంటల పాటు దిగుబడి కొంచెం తగ్గినా ఓర్చుకుంటే నేల గుల్లబారి సత్తువ పట్టుకుంటుంది. కానీ నోటిమాట కౌలు ఏటికేడు మారుతుంది. నేలను బాగు చేసేది ఒకరు, ఆ బాగును అనుభవించేది మరొకరు అయినప్పుడు ఏ శిక్షణ ఇచ్చినా కౌలు రైతు వైఖరి మారదు, మారాలని కోరడం కూడా న్యాయం కాదు. రాష్ట్ర ప్రభుత్వపు రైతు సాధికార సంస్థ 2016లో మొదలుపెట్టిన ప్రకృతి వ్యవసాయ కార్యక్రమం మహిళా సంఘాల ద్వారా ఊళ్ళలోకి లోతుగా వెళ్ళింది, 2024లో పోర్చుగల్‌లోని గుల్బెంకియన్ బహుమతిని పంచుకున్న ముగ్గురు విజేతల్లో అదీ ఒకటి. ఆ పనిని నేను దగ్గర నుంచి చూశాను, గౌరవిస్తాను. అయినా కౌలు ముడి విప్పకుండా సొంత భూమి ఉన్నవారి దగ్గర వచ్చిన ఫలితాన్ని కౌలుదారు దగ్గర ఆశించలేము.

మరొక మాట. చాలామంది రైతులు ఇంటి గింజల కోసం అర ఎకరం మడిని మందు తగలకుండా విడిగా పండించుకుంటారు. ఇది విన్న పట్నవాసులు 'చూశారా, తమకొకటి, మాకొకటి' అని నొచ్చుకుంటారు. నేను దాన్ని మరోలా చదువుతాను. ఆ అర ఎకరం రైతు మనసేమిటో చెబుతోంది, మిగిలిన మూడెకరాలు బజారు మనసేమిటో చెబుతున్నాయి. మీ పని ఆ అర ఎకరాన్ని ఎకరం చేయడం, అంతే. మొదటి ఏడాదే మొత్తం కమతాన్ని మార్చమని అడగవద్దు.

ఇప్పుడు అవసరాలు కలవని చోటుకు వస్తాను. 2018లో సైన్స్ పత్రికలో పూర్, నెమెచెక్ అనే పరిశోధకులు 119 దేశాల్లోని దాదాపు 38,700 క్షేత్రాల లెక్కలు కూర్చి చూశారు. మనుషుల వల్ల వెలువడే హరితగృహ వాయువుల్లో సుమారు 26 శాతం ఆహారం నుంచే వస్తోందనీ, ఆహారం వాటాలో రవాణా వంతు ఆరు శాతం దగ్గరే ఉందనీ తేల్చారు. అంటే బియ్యం ఇందుకూరుపేట నుంచి వచ్చాయా, ఇంకెక్కడి నుంచో వచ్చాయా అన్నది కొనేవారు అనుకున్నంత పెద్ద విషయం కాదు, మడిలో ఏం జరిగిందన్నదే పెద్ద విషయం. వరి మడిలో నెలల తరబడి నీరు నిలిస్తే గాలి అందని బురదలో మీథేన్ అనే హరితగృహ వాయువు పుడుతుంది. నీరు ఇంకిపోయి నేల మట్టానికి 15 సెంటీమీటర్ల లోతుకు దిగేదాకా ఆగి మళ్ళీ తడి పెట్టే పద్ధతిని అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ ప్రచారం చేసింది. రంధ్రాలు పొడిచిన చిన్న గొట్టం మడిలో పాతితే ఆ లోతు తెలుస్తుంది. దీనివల్ల నీరూ ఆదా అవుతుంది, మీథేనూ బాగా తగ్గుతుంది.

అయినా మన ఆయకట్టులో ఈ పద్ధతిని పాటించే రైతు ఎందుకు కనిపించడు? కాలువ నీటికి కొలత లేదు, బోరు కరెంటుకు బిల్లు లేదు, కాబట్టి నీరు మిగిల్చినందుకు అతనికి పైసా రాదు. పైగా కాలువ చివరి భూముల రైతు సోమశిల జలాశయం నీరు వచ్చిన రోజున మడి నింపుకోకపోతే మళ్ళీ వంతు ఎప్పుడొస్తుందో తెలియక నిద్రపోలేడు. కొనేవారు కూడా బియ్యానికి మందు తగిలిందా అని అడుగుతారే తప్ప మడిలో నీరు ఎన్ని రోజులు నిలిచిందని ఏ ఇల్లాలూ ఏనాడూ నన్ను అడగలేదు. ఇది మీ సంచి మీద రాసి అమ్మగలిగే విషయం కాదు. వంతుల ప్రకారం నమ్మకంగా నీరు వదిలే ఏర్పాటు ఉంటే తప్ప ఇది జరగదు, కనుక దీన్ని మీ వ్యాపారం భుజాన వేసుకోవద్దు. అలాగే, అది జరిగినట్టుగా మీ ప్రకటనల్లో చెప్పుకోవద్దు.

కొనేవారు అడిగింది మాత్రమే జరుగుతుందన్న దానికి మన రొయ్యల గుంటలను మించిన రుజువు లేదు. 1990ల మొదట్లో ముత్తుకూరు నుంచి అల్లూరు దాకా తీరమంతా టైగర్ రొయ్య కోసం తవ్వేశారు. 1994–95లో తెల్లమచ్చల తెగులు వచ్చి ఆస్తులు తుడిచిపెట్టింది. తీరంలోని రొయ్యల గుంటలకు కళ్ళెం వేస్తూ 1996 డిసెంబరు 11న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పూ, దాని తరువాత 2005లో వచ్చిన కోస్తా ఆక్వాకల్చర్ అథారిటీ చట్టమూ, 2009లో పెంపకానికి అనుమతి పొందిన వనామీ అనే విదేశీ రొయ్యా ఈ కథలో తరువాతి మెట్లు. విదేశాల్లో తినేవారు తమ రొయ్యలో క్లోరాంఫెనికాల్, నైట్రోఫ్యూరాన్ల వంటి యాంటీబయాటిక్ అవశేషాలు ఉండకూడదని పట్టుబట్టారు. 2016లో యూరోపియన్ యూనియన్ మన పెంపకపు రొయ్యల సరుకుల్లో పరీక్షించే వంతును 10 నుంచి 50 శాతానికి పెంచింది. సరుకు వెనక్కి వస్తే ఎంత నష్టమో తెలిసిన మన రైతులు మందుల విషయంలో ఎంత జాగ్రత్తపడ్డారో నేను చూశాను. ఏ ఉపన్యాసమూ లేకుండానే వారి వైఖరి మారింది. కానీ గుంటలోని ఉప్పు నీరు పక్కనున్న వరి మడిలోకి ఊరిందా, ఊరి మంచినీటి బావి ఉప్పదేలిందా అన్న ప్రశ్న ఆ ప్రయోగశాల పరీక్షలో లేదు. గుంటలు వచ్చిన ఊళ్ళలో తాగునీటి క్యాను కొనుక్కునే ఇళ్ళవారు ఆ రొయ్యను తినేవారి కంటికి ఎన్నడూ ఆనరు. ఆ బాధ్యతను తినేవారి మంచితనానికి వదిలేయలేము, చట్టమే అమలు చేయాలి.

దీనికి పూర్తిగా ఎదురుగా ఉన్నది ప్రకాశం నల్లరేగడి శనగ. అక్టోబరు, నవంబరు నెలల్లో విత్తి, నేలలో మిగిలిన పదును మీదనే పండిస్తారు. వేళ్ళ బుడిపెల్లో తనకు కావలసిన నత్రజనిని చాలావరకు తానే సమకూర్చుకుంటుంది. మగ రెక్కల పురుగులను ఆకర్షించి పట్టే లింగాకర్షక బుట్టలు పెట్టి, పక్షులు వాలడానికి కొయ్యలు నాటి, ధనియాలు కలిపి వేసుకుంటే శనగపచ్చ పురుగు మందు కూడా బాగా తగ్గించవచ్చు. మన కంచంలోకి వచ్చేవాటిలో పర్యావరణానికి ఇంత తేలికైన పంట మరొకటి ఉండదు, అయినా దానికి ఏ ముద్రా లేదు, ఎవరూ ఎక్కువ ధర ఇవ్వరు, శీతల గిడ్డంగుల్లో పెట్టి ధర కోసం ఎదురుచూసే రైతుకు ఆ మంచి పేరుతో ఒరిగింది ఏమీ లేదు. మీరు అమ్మే సంచుల్లో బియ్యంతో పాటు ఈ శనగపప్పునూ కందిపప్పునూ చేర్చమని నా గట్టి సలహా.

ఇక కొనేవారి వైపు. మిగిలిన బస్తాల గురించి మీరు కొంచెం కోపంగా రాశారు, ఆ ఇళ్ళవారు మాట తప్పారన్నారు. నా మొదటి ఏడాది కూడా అలాగే గడిచింది. అరవై ఇళ్ళవారు పేర్లు ఇచ్చారు, బియ్యం వచ్చాక పదిహేడు ఇళ్ళవారే తీసుకున్నారు. అందులోనూ ఒకామె మూడో వారంలో ఫోన్ చేసి ఇంటికి రమ్మన్నారు. వంటింట్లో చేట ముందు పెట్టి రెండు గుప్పెళ్ళ బియ్యం పోశారు. పోసిన నిమిషానికి ముక్కపురుగులు ఒక్కొక్కటే పైకి వచ్చి చేట అంచు వైపు పాకసాగాయి. 'అన్నయ్యగారూ, మందు లేకపోతే పురుగు పడుతుందని నాకూ తెలుసు. కానీ తెల్లవారి ఏడింటికి రెండు క్యారేజీలు కట్టాలి, వీటిని ఏరుతూ కూర్చుంటే ఎలా?' అన్నారు. ఆమె మాటలో తప్పు పట్టడానికి నాకు ఏమీ దొరకలేదు. ఆమె అభిమానంలో లోటు లేదు, ఆమెకు ఇరవై నిమిషాలు లేవు. పురుగు పట్టకుండా మందు బిళ్ళలు పెట్టని గిడ్డంగి బియ్యాన్ని నెలల తరబడి ఆమె డబ్బాలో ఉంచుకోమనడం నా తప్పు.

మన వైపు నాలుక సంగతి కూడా తెలుసుకోవాలి. చేపల పులుసులో కలుపుకునే అన్నం పొడిపొడిగా, తెల్లగా, సన్నగా ఉండాలి, బియ్యం పాతవై ఉండాలి. మార్చిలో కోసిన వడ్లను ఏప్రిల్‌లోనే ఆడించి, తవుడు సగం వదిలేసి ఇస్తే అన్నం ముద్దయి, 'ఆర్గానిక్ బియ్యం ఇలాగే ఉంటాయి కాబోలు' అన్న పేరు పడుతుంది. ఆ పేరు ఒకసారి పడితే పోగొట్టడం కష్టం. నేను నేర్చుకున్నదేమిటంటే వడ్లుగా నిలవ ఉంచి, కనీసం నాలుగైదు నెలలు పాతబడనిచ్చి, ఆ తరువాత నెలకు సరిపడా మాత్రమే ఆడించాలి. తవుడులో నూనె ఉంటుంది కనుక తక్కువ పాలిష్ బియ్యం తొందరగా కంపు పడతాయి, అందువల్ల చిన్న సంచులే ఇవ్వాలి. మరలో మరో చిక్కు ఉంది. తక్కువ వడ్లకు యజమాని మర తిప్పడు, తిప్పినా ముందు ఆడించిన వారి గింజలు కొన్ని కలుస్తాయి. మీ పదిమంది వడ్లూ ఒకే రకమై ఒకే రోజు ఆడించేలా కుదుర్చుకుంటే ఆ చిక్కు చాలావరకు తీరుతుంది.

రకం ఎంపికలోనే సగం పని ఉంది. నెల్లూరు వ్యవసాయ పరిశోధన స్థానం ఇచ్చిన ఎన్‌ఎల్‌ఆర్ 34449, అంటే నెల్లూరు మసూరి, సన్న గింజ రకం, అగ్గితెగులును బాగా తట్టుకుంటుంది. తెగులు మందు ఖర్చు లేదని రైతు ఇష్టపడతాడు, అన్నం బాగుందని ఇంట్లోవారు ఇష్టపడతారు. నల్ల బియ్యం, ఎర్ర బియ్యం వంటివి మంచివే, కానీ వాటిని ఇళ్ళలో వారానికి ఒకరోజు తింటారు, రైతులు మాత్రం ఎకరాలకు ఎకరాలు నాటేసి చేతులు కాల్చుకుంటారు. రోజూ తినే బియ్యంలో తెచ్చిన చిన్న మార్పే నేలకు ఎక్కువ మేలు చేస్తుంది.

ధర విషయంలో దాపరికం లేకుండా లెక్క చూపించండి. 2025–26కు గ్రేడ్-ఎ వడ్ల మద్దతు ధర క్వింటాలుకు 2,389 రూపాయలు. మన పుట్టి 850 కిలోలు కాబట్టి పుట్టికి సుమారు 20,300 రూపాయలు. క్వింటాలు వడ్లకు 67 కిలోల బియ్యం వచ్చినా, తవుడూ నూకల మీద వచ్చేది పక్కన పెడితే, కిలో బియ్యంలో వడ్ల ఖరీదే 36 రూపాయల దగ్గర ఉంటుంది. ఎకరానికి మూడు పుట్లు పండే చోట మొదట్లో అర పుట్టి తగ్గిందనుకోండి, ఆ నష్టం పూడాలంటే పుట్టి ధర ఐదో వంతు పెరగాలి, అప్పుడు అదే 36 రూపాయలు 43 అవుతుంది. మందుల మీద మిగిలినది తీసేస్తే ఇంకా తక్కువే. రైతు నష్టం పేరు చెప్పి ఇంతకు మించి పెంచితే ఆ పెంపు రైతుకు చేరదు. ఈ లెక్కను ఎదురుగా కూర్చోబెట్టి చెప్పినప్పుడు కిలోకు ఏడెనిమిది రూపాయలు ఎక్కువ ఇవ్వడానికి ఒప్పుకోని ఇల్లు నాకు అరుదుగానే తగిలింది.

నమ్మకం గురించి కూడా చెప్పాలి. సేంద్రియ పంటను రైతులే ధ్రువీకరించుకునే పీజీఎస్-ఇండియా పద్ధతిలో రైతులు బృందంగా ఏర్పడి ఒకరి చేనును ఒకరు తనిఖీ చేసుకుంటారు, మార్పు దశలో ఉన్న పంటకు పీజీఎస్-గ్రీన్, దశ పూర్తయ్యాక పీజీఎస్-ఆర్గానిక్ ముద్రలు వస్తాయి. 2017లో ఆహార భద్రత ప్రమాణాల సంస్థ సేంద్రియ ఆహారానికి జైవిక్ భారత్ చిహ్నాన్ని తెచ్చింది, చిన్న రైతుగానీ చిన్న రైతు సంఘంగానీ తినేవారికి నేరుగా అమ్మితే ధ్రువీకరణ నుంచి మినహాయింపూ ఇచ్చింది. మీరు కొని తిరిగి అమ్మితే ఆ మినహాయింపు మీకు రాదు, అందుచేత రైతులతో సంఘం పెట్టించి దాని పేరుతోనే అమ్మండి. అంతకంటే ముందు సంచి మీద 'పర్యావరణహితం' అన్న పెద్ద మాటను తీసేయండి. దాని బదులు చీటీ పెట్టండి. ఏ ఊరి ఏ మడి, ఏ రకం, ఎన్నిసార్లు ఏం పిచికారీ చేశారు, యూరియా ఎన్ని బస్తాలు వేశారు, ఏ రోజు ఆడించారు అన్నవి అందులో ఉండాలి. 'పురుగు మందు కొట్టలేదు, యూరియా ఎకరానికి ఒక బస్తా వేశాం' అని రాసి ఇచ్చిన ఏడాదే నాకు ఎక్కువమంది తిరిగి వచ్చారు.

ఈసారి ఇళ్ళకు వెళ్ళినప్పుడు ఇష్టమా అని అడగవద్దు. నెలకు ఎన్ని కిలోలు, ఎప్పటి నుంచి, ఐదు వందలు ముందుగా ఇస్తారా అని అడగండి. నేను రెండో ఏడాది నాట్ల సమయంలో అలా అడిగితే ఇరవై రెండు ఇళ్ళే ముందుకు వచ్చాయి, కానీ ఇరవై రెండు ఇళ్ళూ చివరిదాకా బియ్యం తీసుకున్నాయి. ఆ డబ్బు చేతిలో ఉంటే మీ రైతులు దోమ కనబడగానే మందు కొట్టుకు పరుగెత్తకుండా రెండు రోజులు ఆగి దుబ్బు తట్టి చూడగలుగుతారు. అక్టోబరులో నారు పోసేలోపు ఈ ఇళ్ళ జాబితా తయారు కావాలి. ఆ జాబితాలోని కిలోలను బట్టే ఎవరు ఎంత మడి మార్చాలో నిర్ణయించండి. పదిమందిలో సొంత భూమి ఎవరిది, కౌలు ఎవరిది, ఎవరి మడి కాలువ చివరన ఉంది అన్న వివరాలు కనుక్కుని రాస్తే, ఎవరితో మొదలుపెట్టాలో చెప్పగలను.